మాండవ్యుడు ఒప్పుకున్నాడా?

పోలీసు శిక్షణ కళాశాలలో చేరిన స్టైపెండరీ క్యాడెట్ ట్రైనీకి, అంటే యూనిఫాం ఇంకా ఒంటికి అలవాటు కాని కొత్త కానిస్టేబుల్‌కు, చట్టాల క్లాసులో ఒక విచిత్రమైన నిబంధన ఎదురవుతుంది. హత్య చేశానని ఒక మనిషి తన స్నేహితుడితో చెప్పుకుంటే, ఆ స్నేహితుడు వచ్చి సాక్ష్యం చెబితే కోర్టు వింటుంది. నమ్మాలా వద్దా అన్నది తర్వాత తేల్చుకుంటుంది. మేజిస్ట్రేటు ముందు స్వచ్ఛందంగా చెబితే తప్పకుండా వింటుంది. అదే మాట స్టేషన్లో ఎస్సై ముందు చెబితే మాత్రం చెవిన వేసుకోదు. పోలీసు కస్టడీలో ఉన్నవాడు ఎవరితో చెప్పినా, ఎదురుగా మేజిస్ట్రేటు లేకపోతే అదీ చెల్లదు. 1872 నాటి సాక్ష్య చట్టంలో 25, 26 సెక్షన్లుగా ఉన్న ఈ నియమం, 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్‌గా కొనసాగుతోంది. లాఠీ, తుపాకీ, అరెస్టు చేసే అధికారం పోలీసు చేతికిచ్చిన రాజ్యమే, ఆ పోలీసు ‘వాడు నాతో ఒప్పుకున్నాడు’ అంటే నమ్మనంటోంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడికి ఇది అవమానంగా తోచడం సహజం. సెక్షన్ నంబరు బట్టీ పడితే పరీక్ష గట్టెక్కుతుంది గానీ, ఎందుకు అన్న ప్రశ్న అక్కడే ఉండిపోతుంది. ఆ ప్రశ్న చట్టం కంటే ముందు ధర్మానికి సంబంధించినది. ఒక మనిషి దోషి అని గట్టిగా నమ్మినవాడికి, ఆ నమ్మకం వల్ల ఆ మనిషి శరీరం మీద ఏ హక్కు వస్తుంది? ఏ హక్కూ రాదని నా వాదన. దీనికి సాక్ష్యాలు వెతుక్కుంటూ సముద్రాలు దాటనక్కర్లేదు. మొదటి సాక్ష్యం మన భారతంలోనే ఉంది.

ఆదిపర్వంలో, నన్నయ తెలుగులోనూ చెప్పిన కథ అది. మాండవ్యుడు తన ఆశ్రమ ద్వారం దగ్గర చెట్టు కింద చేతులు పైకెత్తి మౌనవ్రతంలో తపస్సు చేసుకుంటున్నాడు. రాజభటులు తరుముతుంటే పారిపోయి వచ్చిన దొంగలు, దోచిన సొమ్ము ఆయన ఆశ్రమంలో దాచి, తామూ అక్కడే దాక్కున్నారు. భటులు వచ్చి దొంగలు ఎటు పోయారని అడిగారు. ఆయన పలకలేదు. వెతికితే ఆశ్రమంలోనే దొంగలూ దొరికారు, సొమ్మూ దొరికింది. ఇంకేం కావాలి? పలకనివాడు దోషి అయ్యాడు. రాజు దొంగలతో పాటు ఆయన్నీ శూలానికి ఎక్కించమన్నాడు. మునివేషంలో ఉన్నవాడిని ఎవరూ మళ్ళీ ఒక్క ప్రశ్న అడగలేదు. ఈ కథలో భటులు దుర్మార్గులు కారన్నది గమనించాలి. వాళ్ళు లంచం తినలేదు, కక్ష కట్టలేదు. దొంగల్ని నిజంగానే తరుముతూ వచ్చారు, నిజమైన సొమ్మునే పట్టుకున్నారు. వాళ్ళ తర్కంలో ప్రతి మెట్టూ సమంజసంగానే కనిపిస్తుంది: సొమ్ము ఇతని ఇంట్లో ఉంది, దొంగలు ఇతని ఇంట్లో ఉన్నారు, అడిగితే ఇతను నోరు విప్పడం లేదు. ఈనాటి ఏ స్టేషన్లోనైనా ఇంతకంటే బలమైన అనుమానం దొరకడం కష్టం. అయినా అది తప్పు. చెడ్డ పోలీసు చేసే అన్యాయం గురించి చెప్పే కథలు చాలా ఉన్నాయి. నిజాయితీగా పనిచేసే పోలీసు చేసే అన్యాయం గురించి చెప్పే కథ ఇది. అందుకే శిక్షణలో ఉన్నవాడికి ఇది ఎక్కువ అవసరం.

ఇదే మాండవ్యుడు కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనూ కనిపిస్తాడు, కానీ వేరే రూపంలో. నాలుగో అధికరణం కంటకశోధనంలో ఎనిమిదో అధ్యాయం నిందితుడిని ప్రశ్నించడం గురించి, హింసించి చెప్పించడం గురించి. దొంగతనం జరిగిన చోట అనుకోకుండా ఉన్నవాడు, దొంగలాంటి వేషమో ఆయుధమో ఉన్నవాడు, దొంగసొమ్ము పక్కన కనిపించినవాడు పట్టుబడవచ్చునని కౌటిల్యుడు హెచ్చరిస్తాడు. ఉదాహరణగా మాండవ్యుణ్ణి తీసుకుంటాడు: ఆయన దొంగ కాకపోయినా, చిత్రహింసకు భయపడి, దొంగనేనని ఒప్పుకున్నాడట. అందుచేత ఆధారాలన్నీ పూర్తయ్యాకే శిక్ష విధించాలంటాడు. భారతంలో మాండవ్యుడు నోరు విప్పలేదు; అర్థశాస్త్రంలో నోరు విప్పి అబద్ధం ఒప్పుకున్నాడు. ఏది అసలు కథ అన్నది పండితులు తేల్చుకోవలసిన విషయం. నాకు ముఖ్యమనిపించేది మరొకటి. రెండు కథలనూ పక్కపక్కన పెడితే, పట్టుబడ్డ నిర్దోషికి ఉన్న రెండు దారులూ మూసుకుపోయినట్టు తెలుస్తుంది. మౌనంగా ఉంటే దాచిపెడుతున్నాడంటారు. మాట్లాడితే, నొప్పి ఏ మాట కోరుతుందో ఆ మాటే వస్తుంది. మన రాజ్యాంగం 20వ అధికరణం మూడో క్లాజు, నిందితుడిని తనకు వ్యతిరేకంగా తానే సాక్షి కావాలని బలవంతం చేయరాదంటుంది. అది మొదటి మాండవ్యుడికి జవాబు. పోలీసు దగ్గర చేసిన ఒప్పుకోలు చెల్లదనే 23వ సెక్షన్ రెండో మాండవ్యుడికి జవాబు. నారదస్మృతి, బృహస్పతిస్మృతి కూడా యుక్తి లేని విచారణ ఎక్కడికి దారితీస్తుందో చెప్పడానికి ఈ ముని పేరే ఎత్తాయి. ఒక ధర్మశాస్త్ర పరంపర తన సొంత న్యాయస్థానాల పొరపాటును ఇంతకాలం పేరు పెట్టి గుర్తుంచుకోవడం చిన్న విషయం కాదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. కౌటిల్యుడు చిత్రహింసను నిషేధించలేదు. ఆ అధ్యాయంలోనే పద్దెనిమిది రకాల హింసలను విధించాడు. దోషం ఖాయమనిపించినవాడికి వాటిని ప్రయోగించమన్నాడు. ధర్మశాస్త్రాల్లో అగ్ని, జలం, విషం వంటి దివ్యపరీక్షలూ ఉన్నాయి. అలాంటప్పుడు ఈ సంప్రదాయాన్ని మానవహక్కుల వైపు నిలబెట్టడం బలవంతపు అన్వయం కాదా? సంప్రదాయం శుద్ధంగా ఉందని నేను అనడం లేదు. అది తనతో తానే తగువు పడింది, ఆ తగువే విలువైనది. కౌటిల్యుడు ఎవరిని హింసించకూడదో చెప్పిన జాబితా చూడండి: బాలుడు, ముసలివాడు, రోగి, తాగినవాడు, పిచ్చివాడు, ఆకలిదప్పులతోనో ప్రయాణపు అలసటతోనో ఉన్నవాడు, బలహీనుడు, గర్భిణి, బాలింత. అపరాధం చిన్నదైనా కూడదన్నాడు. ఈ జాబితా కేవలం దయ వల్ల వచ్చిందని నేననుకోను. వీళ్ళ నోట వచ్చే మాట నమ్మదగినది కాదని ఆయనకు తెలుసు. అయితే ఒక ప్రశ్న మిగిలిపోతుంది: ఆకలితో ఉన్నవాడి మాట నమ్మకూడనప్పుడు, హింసలో ఉన్నవాడి మాట ఎలా నమ్మాలి? హింసించడమంటేనే బలవంతుణ్ణి బలహీనుడిగా మార్చడం. కౌటిల్యుడు ఆ గీత దగ్గరదాకా వచ్చి ఆగిపోయాడు. తర్కాన్ని చివరిదాకా నడిపించినవాళ్ళు వేరే చోట్ల కనిపిస్తారు. మనిషి తనను తాను పాపిగా నిరూపించుకోలేడని యూదుల ధర్మశాస్త్రం క్రిమినల్ కేసుల్లో ఒప్పుకోలునే పక్కన పెట్టింది. ఆకలితో మాడ్చి, భయపెట్టి, బంధించి ఉంచినవాడు తన మీద తానే ఏమైనా చెప్పుకుంటాడని ఖలీఫా ఉమర్ అన్నట్టు అబూ యూసుఫ్ గ్రంథం చెబుతుంది. 1764లో ఇటలీలో బెకారియా, చిత్రహింస కండబలమున్న నేరస్థుణ్ణి వదిలేసి బలహీనుడైన నిర్దోషిని శిక్షిస్తుందని వాదించాడు. ఒకరి మాట ఒకరు వినని కాలాల్లో, దేశాల్లో ఇంతమంది ఒకే చోటికి చేరుకున్నారంటే, అది ఏ ఒక్క మతానికో జాతికో చెందిన సుకుమారం అనుకోవడానికి లేదు.

తత్త్వం చాలు, మన నేల మీద జరిగింది చూద్దాం. 1854లో మద్రాసు ప్రెసిడెన్సీలో చిత్రహింసల మీద ఒక విచారణ సంఘం వేశారు. కోస్తా జిల్లాలు, రాయలసీమ అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనివే. మరుసటి ఏడు వచ్చిన నివేదిక చదువుతుంటే మనసు కలుక్కుమంటుంది. కర్రల మధ్య చేతులు పెట్టి నలిపే ‘కిట్టీ’, మనిషిని వంచి తలను కాళ్ళకు కట్టి ఎండలో ఉంచడం, కళ్ళలో కారం. శిస్తు వసూలుకూ అదే పద్ధతి, దొంగతనం కేసుకూ అదే పద్ధతి. కారణం వెతికితే ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది: అప్పటి తహసీల్దారు చేతిలోనే రెవెన్యూ, పోలీసు అధికారాలు రెండూ ఉండేవి. అడిగేవాడు, పట్టుకునేవాడు, తేల్చేవాడు, వసూలు చేసేవాడు ఒకే కచేరీలో కూర్చునేవారు. ఆ నివేదిక తర్వాతే 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చి పోలీసును రెవెన్యూ నుంచి విడదీసింది. 1861లో పోలీసు చట్టం, అదే ఏడు వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో పోలీసు దగ్గరి ఒప్పుకోలు చెల్లదన్న నియమం వచ్చాయి. 1872 సాక్ష్య చట్టం రాసిన ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ ఆ నియమాన్ని అందులోకి తీసుకున్నాడు. ఇండియాలో పనిచేసిన ఒక అధికారి తనతో అన్న మాటను ఆయన తర్వాత నమోదు చేశాడు: ఎండలో తిరిగి ఆధారాలు సేకరించడం కంటే, నీడపట్టున కూర్చుని ఒక అభాగ్యుడి కళ్ళలో కారం రుద్దడం సుఖమట. ఈ మాటలో క్రూరత్వం కంటే సోమరితనం ఎక్కువ వినిపిస్తుంది. చట్టం పసిగట్టింది అదే. ఒప్పుకోలుకు కోర్టులో విలువ ఉన్నంతకాలం, మంచి పోలీసుకు కూడా నీడలోకి రావాలనిపిస్తుంది. ఆ విలువను సున్నా చేస్తే తప్ప అతను ఎండలోకి వెళ్ళడు.

స్వాతంత్య్రం వచ్చాక ఈ నియమాన్ని ఉంచుకోవలసిన పనేముంది అని చాలామంది అడిగారు. తెల్లవాళ్ళు నల్లపోలీసును నమ్మలేదు కాబట్టి ఆ సెక్షన్ పెట్టారు, మన పోలీసును మనం నమ్మకపోతే ఎలా అన్నది వాళ్ళ వాదన. 2003లో జస్టిస్ మళీమఠ్ కమిటీ కూడా, ఎస్పీ స్థాయి అధికారి నమోదు చేసే ఒప్పుకోలును సాక్ష్యంగా తీసుకోవచ్చని సిఫారసు చేసింది. ఈ అభ్యంతరంలో కొంత నిజముంది. ఆ కాలపు బ్రిటిష్ అధికారుల రాతల్లో జాతి అహంకారం దాగలేదు. కానీ ఒక నియమం పుట్టడానికి ఉన్న కారణం, అది నిలబడటానికి ఉన్న కారణం ఒకటే కానక్కర్లేదు. రాజ్యాంగసభలో కూర్చున్నవాళ్ళలో చాలామంది జైళ్ళు చూసినవాళ్ళు. రాజ్యాంగసభ సలహాదారు బి.ఎన్.రావు అమెరికా వెళ్ళి న్యాయమూర్తి ఫ్రాంక్‌ఫర్టర్‌తో మాట్లాడి వచ్చిన తర్వాత ‘డ్యూ ప్రాసెస్’ అన్న మాట ముసాయిదా నుంచి జారిపోతే, ఆ లోటు కొంతైనా పూడ్చడానికి 1949 సెప్టెంబరులో అంబేడ్కర్ ఇప్పటి 22వ అధికరణాన్ని ప్రతిపాదించారు. అరెస్టుకు కారణం చెప్పాలి, వకీలును సంప్రదించనివ్వాలి, ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఈ మూడు నియమాలు ఏ తెల్లవాడూ మన మీద రుద్దినవి కావు. 2023లో కొత్త క్రిమినల్ చట్టాలు తెచ్చినప్పుడు వలస పాలన ఆనవాళ్ళు చెరిపేస్తామని గట్టిగా చెప్పారు. అయినా ఒప్పుకోలు చెల్లదన్న నియమాన్ని తీసివేయలేదు. తీసివేసే అవకాశం చేతిలో ఉండి కూడా ఉంచారంటే, అది ఇప్పుడు మనదే.

మళీమఠ్ కమిటీ కోరిన ప్రయోగం నిజానికి అంతకుముందే జరిగింది. 1987 నాటి ఉగ్రవాద నిరోధక చట్టం టాడా, ఎస్పీ స్థాయి అధికారి ముందు చేసిన ఒప్పుకోలును సాక్ష్యంగా ఒప్పుకుంది. 1994లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను సమర్థించింది, మరుసటి ఏడే టాడా గడువు ముగిసింది. 2002లో పోటా వచ్చి అదే దారి పట్టింది, 2004లో రద్దయింది. ఫలితం ఏమిటో చూడాలంటే గాంధీనగర్ అక్షరధామ్ కేసు చాలు. 2002 సెప్టెంబరులో ఆలయం మీద దాడి జరిగింది, ముప్పైమందికి పైగా ప్రాణాలు పోయాయి. పోటా కింద నమోదైన ఒప్పుకోళ్ళ మీద ఎక్కువగా ఆధారపడ్డ కేసులో ముగ్గురికి ఉరిశిక్ష పడింది. 2014 మే 16న సుప్రీంకోర్టు ఆ ఒప్పుకోళ్ళను తోసిపుచ్చి, శిక్ష పడిన ఆరుగురినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. అంటే పన్నెండేళ్ళ తర్వాత కూడా ఆ ఆలయంలో చనిపోయినవాళ్ళ కుటుంబాల చేతిలో మిగిలింది కొట్టేసిన కేసు. పెద్ద అధికారి రాస్తే ఒప్పుకోలు నిజమవుతుందన్న నమ్మకం ఎక్కడ తప్పుతుందో ఇక్కడే తెలుస్తుంది. భుజం మీద నక్షత్రాలు పెరిగితే అధికారం పెరుగుతుంది గానీ, నిందితుడి మనసులోకి దారి తెరుచుకోదు. భయపడేవాడికి ఎదురుగా ఉన్నది కానిస్టేబులా ఎస్పీనా అన్నది తేడా కాదు. రాత్రి తిరిగి ఏ గదిలోకి వెళ్ళాలన్నదే తేడా.

దీనికంటే కష్టమైన అభ్యంతరం ఒకటుంది. సరే, మాట అబద్ధమే కావచ్చు. కానీ నిందితుడు కత్తి దాచిన చోటు చూపించాడు, వెళ్ళి చూస్తే కత్తి దొరికింది. అప్పుడు ఆ మాట నిజమని వస్తువే చెబుతోంది కదా? చట్టం కూడా ఈ వాదనకు తలుపు పూర్తిగా మూయలేదు. పాత 27వ సెక్షన్, ఇప్పుడు 23వ సెక్షన్ చివర చేరిన మినహాయింపు, ఆ వస్తువు దొరకడానికి దారితీసినంత మేరకు మాటను సాక్ష్యంగా తీసుకోవచ్చంటుంది. దీనికి ఈనాటికీ కోర్టులు ఆశ్రయించే వ్యాఖ్యానం తెలుగు నేల నుంచి వెళ్ళిన కేసులో వచ్చింది: పులుకూరి కోటయ్య కేసు, స్వాతంత్య్రానికి కొద్ది నెలల ముందు ప్రివీ కౌన్సిల్ తీర్పు. దొరికిన కత్తి వేరు, ఆ కత్తితో పొడిచాడన్న మాట వేరు అని ఆ తీర్పు తేల్చింది. కత్తి ఫలానా చోట ఉందని అతనికి తెలుసు, అంతవరకే రుజువవుతుంది. దానితోనే పొడిచాడన్న వాక్యం కోర్టు గడప దాటకూడదు. ఇంత జాగ్రత్త ఎందుకంటే, పట్టుకున్నవాడి చేతిలోనే వస్తువూ ఉండే అవకాశం ఉంది. ముందే తెలిసిన చోటికి నిందితుణ్ణి తీసుకెళ్ళి ‘రికవరీ’ చూపించడం ఎంత తేలికో ఏ క్రిమినల్ లాయరును అడిగినా చెబుతాడు. హింసకు వస్తువు రూపంలో బహుమతి ఇస్తే, బహుమతి కోసం హింస పెరుగుతుంది. అందుచేత నా దృష్టిలో ఆ మినహాయింపు ఈ చట్టంలో అన్నిటికంటే బలహీనమైన చోటు. 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు, ఇష్టం లేకుండా నార్కో పరీక్ష, పాలిగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ చేయరాదని చెప్పి ఇంకొక తలుపు మూసింది. దెబ్బ కొట్టకుండా మందు ఎక్కించినా, మనసును దాటవేసి శరీరం చేత మాట్లాడించడమే కదా జరిగేది. వేలిముద్ర, చేతిరాత నమూనా తీసుకోవచ్చని 1961లో పదకొండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అన్నదీ ఈ తేడా గుర్తించే. వేలిముద్ర భయానికి లొంగి మారదు.

బాధితుల మాటేమిటి? ఈ ప్రశ్న అడిగేవాళ్ళను హక్కుల భాషలో దబాయించడం తప్పు. ఇంట్లో ఆడపిల్లను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు నిందితుడి మౌనహక్కు గురించి ఉపన్యాసం ఇవ్వకూడదు. కానీ తప్పు మనిషిని పట్టుకోవడం వల్ల ముందుగా నష్టపోయేది ఆ తల్లిదండ్రులే. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. మరుసటి ఏడు ఒక యువకుణ్ణి అరెస్టు చేశారు, 2010లో అతనికి శిక్ష పడింది, 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా ప్రకటించింది. 2018లో దర్యాప్తు సీబీఐకి వెళ్ళింది. అతని యౌవనంలో జైల్లో గడిచిన ఏళ్ళు ఒక వైపు ఉంచండి. కూతురి కోసం న్యాయం అడిగిన కుటుంబం దశాబ్దం తర్వాత మళ్ళీ మొదటి మెట్టు దగ్గర నిలబడవలసి వచ్చింది. కేసు ‘ఛేదించాం’ అని ప్రెస్ మీట్ పెట్టిన రోజున దర్యాప్తు ఆగిపోతుంది. ఆ తర్వాత వెనక్కి వెళ్ళి వెతుకుదామంటే సాక్షుల జ్ఞాపకాలు చెదిరిపోతాయి, ఆనవాళ్ళు మిగలవు. నిందితుడి హక్కు అని మనం పిలిచేది ఆచరణలో బాధితుడికి కూడా రక్షణ, ఎందుకంటే అది దర్యాప్తు తొందరపడి ముగిసిపోకుండా ఆపుతుంది.

ఇక్కడ మాండవ్యుడి కథలో రెండో సగానికి రావాలి, దానిలోనే అసలు మతపరమైన ప్రశ్న ఉంది. శూలం మీద కూడా చావని ముని, విడుదలయ్యాక ధర్మదేవత సభకు వెళ్ళి, నాకు ఈ శిక్ష ఏ తప్పుకు పడిందని నిలదీశాడు. చిన్నతనంలో నువ్వు పురుగుల తోకల్లో గడ్డిపుల్లలు గుచ్చావు, దాని ఫలం ఇది అన్నాడు ధర్మదేవత. ఈ జవాబు మనకు చాలా పరిచితం. కష్టం వచ్చిందంటే ఎక్కడో ఏదో చేసే ఉంటాడన్న నమ్మకం మన ఇళ్ళలోనూ ఉంది, స్టేషన్లలోనూ ఉంది. ‘ఈ దొంగతనం చెయ్యకపోయినా ఇంకోటి చేసే ఉంటాడు’ అన్న మాట అదే నమ్మకం ఖాకీ తొడుక్కున్న రూపం. రౌడీషీటు ఉందనో, ఫలానా కులం అనో, ఫలానా బస్తీ అనో మనిషిని లాక్కొచ్చేటప్పుడు మనసుకు సమాధానం చెప్పేది ఇదే. ఒకప్పుడు ఆ నమ్మకానికి చట్టమే రూపమిచ్చింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేశారు. ఆ తర్వాత బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో ఎరుకల కుటుంబాలకు సెటిల్‌మెంటు ఏర్పడి, పుట్టుకతోనే మనుషులు నిఘా కిందికి వచ్చారు. 1952లో ఆ చట్టం రద్దయింది గానీ ఆ ఊరి పేరు చెబితే ఎదుటివాడి ముఖంలో కనిపించే అనుమానం రద్దు కాలేదు. మాండవ్యుడు ధర్మదేవత జవాబును ఒప్పుకోలేదు. తప్పు చిన్నది, శిక్ష పెద్దది అన్నాడు. ఏది తప్పో తెలియని పసితనంలో చేసినదాన్ని పాపంగా లెక్కించడం అధర్మమన్నాడు. ఇకపై పద్నాలుగేళ్ళలోపు చేసినది పాపం కాకూడదని హద్దు గీశాడు. అంతటితో ఆగకుండా ధర్మదేవతనే మనిషిగా పుట్టమని శపించాడు. విదురుడి పుట్టుక అదే.

కర్మసిద్ధాంతాన్ని నమ్మేవాళ్ళకు ఈ కథ ఇబ్బందికరమైన కథ అంటారు కొందరు. నాకలా తోచదు. మాండవ్యుడు కర్మఫలాన్ని కాదనలేదు. దాన్ని అమలు చేసేవాడు నియమం తప్పాడని అన్నాడు. ఏ తప్పుకు శిక్షిస్తున్నావో చెప్పు, శిక్ష తప్పుకు తగినంతే ఉండాలి, నాకు తెలియని శాసనంతో నన్ను కొలవకు, వయసు చూడు. ఈ నాలుగు మాటలూ మన చట్టంలో ఉన్నవే. అరెస్టుకు కారణం చెప్పాలనేది 22వ అధికరణం. చేసిన రోజున నేరం కానిదానికి శిక్ష వేయరాదనేది 20వ అధికరణం మొదటి క్లాజు. ఏడేళ్ళలోపు పిల్లలు చేసినది నేరమే కాదని భారతీయ న్యాయసంహిత అంటుంది, పద్దెనిమిదేళ్ళలోపు వారికి వేరే చట్టమే ఉంది. అన్నిటికంటే పెద్దమాట, దండించే అధికారం ఉన్నవాడు కూడా దండనకు అతీతుడు కాడన్నది. యమధర్మరాజుకే మినహాయింపు లేని కథను తరతరాలుగా చెప్పుకున్న సమాజంలో, ఎస్సైకి మినహాయింపు ఉండాలని ఎవరూ అనలేరు. ఒప్పుకోలు రాబట్టడానికి గాయపరిచేవాడికి ఏడేళ్ళ దాకా, తీవ్రంగా గాయపరిస్తే పదేళ్ళ దాకా శిక్ష ఉందని న్యాయసంహిత 120వ సెక్షన్ చెబుతుంది. ఆ సెక్షన్ కింద ఇచ్చిన మొదటి ఉదాహరణలో నేరస్థుడు ఒక పోలీసు అధికారి. 1860 శిక్షాస్మృతి నుంచి వస్తున్న ఉదాహరణ అది. ట్రైనీ చేత గట్టిగా చదివించవలసిన పాఠం ఏదైనా ఉంటే అదే.

జనమే అలా కోరుతున్నారు కదా అన్నది చివరి అభ్యంతరం, బహుశా అన్నిటికంటే బలమైనది. 2019 నవంబరు చివర శంషాబాద్ దగ్గర ఒక యువ వైద్యురాలిపై జరిగిన ఘోరం తెలుగువాళ్ళందరినీ కుదిపేసింది. డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులూ పోలీసుల కాల్పుల్లో చనిపోతే, జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ కోపాన్ని తక్కువచేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కోర్టుల్లో కేసులు ఏళ్ళ తరబడి నలగడం వల్ల వచ్చిన నిస్పృహ అందులో ఉంది. కానీ సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిగాయని, చనిపోయిన నలుగురిలో ముగ్గురు సంఘటన నాటికి మైనర్లని ఆ కమిషన్ అభిప్రాయపడింది. ఈ రెండో విషయం నన్ను వదలదు. పూలు చల్లినవాళ్ళలో ఎవరికీ వాళ్ళ వయసు తెలియదు. అడిగి తేల్చే చోటు కోర్టు, అక్కడికి వాళ్ళు చేరలేదు. ఏ ప్రశ్నలు అడగాలో జనానికి కోపంలో తోచదు, రాజ్యానికి తోచాలి. మాండవ్యుణ్ణి శూలానికి ఎక్కించిన రోజున కూడా, దొంగలు దొరికారని ఊరు సంతోషించే ఉంటుంది. న్యాయం ఆలస్యమవుతోందంటే కోర్టులను పెంచమని, ఖాళీలు నింపమని, ఫోరెన్సిక్ ల్యాబులు కట్టమని ప్రభుత్వాలను నిలదీయాలి. ఆ భారాన్ని ట్రిగ్గర్ మీద వేలున్న కానిస్టేబుల్ మీద వేసి, తర్వాత అతణ్ణి విచారణలకు వదిలేయడం అతనికి చేసే ద్రోహం కూడా.

ఆ కానిస్టేబుల్ గురించే చివరిగా ఒక మాట. భారతకథలో రాజుకు క్షమ దొరికింది, ధర్మదేవతకు శాపం తగిలింది, శూలానికి ఎక్కించిన భటుల ఊసు మళ్ళీ రాదు. వాళ్ళు ఆజ్ఞ పాటించారంతే అని కథకుడు అనుకున్నాడేమో. నేటి చట్టం అలా వదలదు. పైఅధికారి ఆజ్ఞ చట్టబద్ధమైనదైతేనే అది కాపాడుతుంది. ‘వీణ్ణి కాస్త చూసుకో’ అన్న ఆజ్ఞ ఎవరినీ కాపాడదు. అందరికంటే కిందిమెట్టు మీద ఉన్నవాడు ఆ ఆజ్ఞను ఎలా కాదంటాడన్నది నిజమైన కష్టం, దాన్ని నీతిబోధతో దాటవేయలేం. 1996 డిసెంబరులో డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన పదకొండు సూచనలను ఈ వైపు నుంచి చదవాలి. చొక్కా మీద పేరు కనిపించాలి, అరెస్టు మెమో మీద కుటుంబసభ్యుడో స్థానికుడో సాక్షిసంతకం చేయాలి, బంధువులకు కబురు వెళ్ళాలి, డైరీలో రాయాలి, 48 గంటలకోసారి వైద్యపరీక్ష జరగాలి. ఇవన్నీ నిందితుడి కోసమే పెట్టారనుకుంటాం. కానీ సాయంత్రం ఆరుకు వైద్యుడు చూసి దెబ్బలు లేవని రాసిన మనిషిని, రాత్రి పదికి కొట్టమంటే, ‘సార్, మళ్ళీ మెడికల్ ఉంది’ అనడానికి కానిస్టేబుల్‌కు ఆ కాగితమే దొరుకుతుంది. ధైర్యం లేనివాడు కూడా చెప్పగలిగిన మాట అది. 2020లో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్లో, లాకప్‌ల దగ్గర కూడా కెమెరాలు పెట్టమన్నది. వాటికీ ఇదే ప్రయోజనం ఉంది. శిక్షణ కళాశాలలో ఈ సెక్షన్లు చెప్పేవాళ్ళు, ఇవి పాటించకపోతే పడే శిక్షతో పాఠం మొదలుపెట్టకుండా, ఇవి ఇచ్చే ఆసరాతో మొదలుపెట్టాలి. భయంతో బట్టీ పట్టిన సెక్షన్ మొదటి పోస్టింగులో, మొదటి సీనియర్ నవ్వు ముందు ఎగిరిపోతుంది. తనను తప్పు నుంచి కాపాడటానికి ఇది ఉందని అర్థమైనవాడు, ఆ నవ్వును తట్టుకుని మెమో పూర్తిచేసే అవకాశం కొంత ఎక్కువ.